పరుపుల బాషా కూతురి నిద్ర

ఆగస్టు 4, సోమవారం

రాత్రి పనిలో నిద్రపోయాను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే భూతద్దం మీదికి వాలిపోయాను. నుదుటి మీద ఉసిరికాయంత బొడిపె. పక్క కుర్చీలో మహిత నవ్వు ఆపుకోలేక మాస్కు లోపలే దగ్గింది. సూపర్‌వైజర్ వచ్చి, "ఏమ్మా సుహానా, అద్దంలో దుమ్ము కనిపించిందా, కల కనిపించిందా?" అన్నాడు. దుమ్మే సార్ అన్నాను. ఇంకేమనాలి మరి!

నాయుడుపేటలో రాత్రంతా ఫోన్ కెమెరాల అద్దాలలో దుమ్ము వెతకడం, తిరుపతికి వచ్చి పగలంతా నిద్ర వెతకడం. మొదటిది రోజూ దొరుకుతుంది, రెండోది దొరకదు.

ఇంటికి రాగానే నాయన నా నుదురు చూసి చేతిలో దబ్బనం కింద పెట్టేశాడు. తిరుపతిలో పరుపుల బాషా అంటే తెలియని మనిషి లేడని ఆయన నమ్మకం. మా వీధిలో అందరికీ తెలుసు, అంతవరకు నిజమే.

"పరుపులోళ్ల బిడ్డకే నిద్ర రాలేదంటే ఇంగ మన పరుపు ఎవురు కొంటారమ్మా? ఈదిలో తల ఎత్తుకోని తిరగాల్నా వద్దా?"

"నాకు నిద్ర రాకపోతే నీ పరుపుదేం తప్పు నాయనా!"

"పరుపుది తప్పు గాదు. ఆ రేత్రి పనిది తప్పు. మీలాద్ పండగ దాకా సూస్తా. అప్పటికీ నిద్ర కుదర్లేదంటే ఇంట్లో ఉందువు గానీ."

అవ్వ మధ్యలో దూరి నాలుగు మాటలు అనబోయింది గానీ ఆయన వినలేదు. అమ్మ పోయిన తర్వాత నా విషయంలో ఆయన ఒకసారి మాట అంటే అవ్వ కూడా కదిలించలేదు.

నేను ఆ పని మానను. నైట్ షిఫ్టుకి లైన్ లీడర్ పోస్టు ఖాళీ అయింది. లీడర్లకు ఆకుపచ్చ టోపీ ఇస్తారు. అది నా నెత్తి మీద ఎలా ఉంటుందో బాత్రూం అద్దంలో ఆకుపచ్చ దుపట్టా చుట్టుకుని ఎప్పుడో చూసుకున్నాను. చాలా బాగుంది.

ఆగస్టు 5

రాలేదు.

ఆగస్టు 7, గురువారం

నాయన మూడో పరుపు తెచ్చి వేశాడు. మొదటిది మెత్తన ఎక్కువైందన్నాడు. రెండోది గట్టిగా ఉందన్నాడు. ఇది అసలైన బూరుగు దూదట, పెళ్లికూతుళ్లకు మాత్రమే కుడతాడట. పడుకున్నాను. పరుపు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. మేఘం మీద పడుకున్నట్టే ఉంది, మేఘం మీద మేలుకుని ఉన్నాను.

కింద అంగడి, పైన ఇల్లు. నాకు కన్ను మూతపడే వేళకే కింద దూది ఏకే మిషన్ మొదలవుతుంది. దడదడదడ. దూదితో పాటు నా మంచాన్ని, నన్ను, నా పళ్లను కూడా ఏకుతుంది. ఈ మాట నాయనతో అనను. అది ఆగితే అంగడి ఆగుతుంది. మా అందరినీ ఆ మిషనే పెంచింది, నా డిప్లొమా కూడా దాని చప్పుడులోనే చదివాను.

ఆయన గంటకోసారి మెట్లెక్కి వచ్చి తలుపు సందులోంచి చూస్తాడు. నేను కళ్లు మూసుకుంటాను. నిద్రపోయిందని సంబరంగా కిందికి దిగి మళ్లీ మిషన్ వేస్తాడు.

అవ్వ నా మెడలో తాయెత్తు కట్టింది. నిద్ర రాకపోగా మెడ దురద.

ఆగస్టు 9, శనివారం

డాక్టరమ్మ దగ్గరికి మహిత లాక్కెళ్లింది. ఫ్యాక్టరీ క్లినిక్‌లో కొత్తగా వచ్చిన రూపశ్రీ మేడం. నా కళ్ల కింద నలుపు చూసి, "కాటుక కిందికి జారిందా?" అంది. కాటుక పెట్టుకోలేదని చెప్పాను.

మెలటోనిన్ అని ఒక మాత్ర రాసింది. నేను అదిరిపడ్డాను. నిద్రమాత్రలా! నాయనకు నిద్రమాత్ర అంటే సినిమాలో హీరోయిన్ గుప్పెడు మింగి మంచం మీద పడిపోవడమే. ఉత్తరం కూడా రాసి పెట్టి ఉంటుంది పక్కన.

మేడం నవ్వింది. "ఇది నిన్ను కొట్టి పడుకోబెట్టే మందు కాదమ్మా. చీకటి పడితే మన ఒళ్లే దీన్ని తయారు చేసుకుంటుంది. నువ్వు రాత్రంతా లైట్ల కింద కూర్చుని, తెల్లారి ఎండలో ఇంటికి పోతున్నావు. రాత్రి ఎప్పుడో నీ ఒంటికి తెలియడం లేదు. ఈ మాత్ర దానికి చీకటి పడిందని చెబుతుంది, అంతే. కొందరికి బాగా పని చేస్తుంది, కొందరికి అంతంత మాత్రం. తక్కువ మోతాదు ఇస్తున్నా, కొన్ని వారాలు వాడి ఆపేద్దాం. పొద్దున పడుకోబోయే గంట ముందు వేసుకో. వేసుకుని బండి నడపొద్దు. దారిలో నల్లద్దాలు పెట్టుకో. గది చీకటి చేసుకో. ముఖ్యంగా చప్పుడు లేకుండా చూసుకో."

చప్పుడు అనగానే నాకూ మహితకూ ఒకేసారి నవ్వొచ్చింది. మేడంకు అర్థం కాలేదు.

ఇంట్లో ఎక్కడ దాచాలా అని దారంతా ఆలోచించాను. బీరువా అవ్వది. వంటిల్లు అవ్వది. నా హ్యాండ్‌బ్యాగు కూడా ఒక రకంగా అవ్వదే. చివరికి నా దిండు తీసుకుని, గలీబు తొలగించి, మూలన నాలుగు కుట్లు విప్పి, దూదిలోకి మాత్రల అట్టను తోసేశాను. ఒక వేలు పట్టేంత సందు వదిలి పైన కుట్టాను. రోజూ సాయంత్రం ఒకటి తీసి డ్యూటీకి తీసుకుపోతే చాలు. పరుపులోళ్ల ఇంట్లో దాచుకోవడానికి దిండుకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఆగస్టు 11, సోమవారం

ఓ మాత్రా, నీకు దండం!

ఇంటికి గంట దూరం ఉండగా వేసుకోవాలి కదా. లెక్క వేసి శ్రీకాళహస్తి దాటగానే మింగాను. నల్లద్దాలు పెట్టుకున్నాను. రేణిగుంటలో మహిత దిగుతూ నా భుజం తట్టిందట, నేను చక్కగా చెయ్యి ఊపానట. నాకేమీ గుర్తు లేదు.

నా మొహం మీద నీళ్లు పడ్డాయి. లేచి చూస్తే బస్సు షెడ్డులో ఉంది. డ్రైవర్ కుప్పయ్య పైపు పట్టుకుని బస్సు కడుగుతూ కిటికీలోంచి నన్ను కూడా కడిగేశాడు. ఆయన పెట్టిన కేకకు పక్క షెడ్డులోని వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"యాడ నుంచి వచ్చినావు తల్లీ! నల్లద్దాలు ఏసుకోని గమ్మున కూసోనుంటే సీటు మీద ఏందో మూట అనుకుంటిని!"

తడిసి ముద్దయి ఆటోలో ఇంటికి వచ్చాను. వానా అని అవ్వ అడిగింది. బయట నిప్పులు చెరిగే ఎండ. అవునవ్వా, వానే అన్నాను.

కానీ నిద్రపోయాను! బస్సులోనైనా, మూటలాగైనా, నిద్రపోయాను!

ఆగస్టు 12

రేణిగుంట దాటాక వేసుకోవాలి. రేణిగుంట దాటాక. రేణిగుంట దాటాక.

ఆగస్టు 13, బుధవారం

పట్టింది! పట్టింది! పట్టింది!

రేణిగుంట దాటాక వేసుకున్నాను. ఇంటికి వచ్చి స్నానం చేసి, అవ్వ పెట్టిన రెండు ఇడ్లీలు తిని, కిటికీకి దుప్పటి కట్టి పడుకున్నాను. అంతే. మళ్లీ కళ్లు తెరిచేసరికి సాయంత్రం. నోరు తెరిచి పడుకున్నానట, చొల్లు కారిందట, అవ్వ రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట. ఇంత గౌరవంగా ఈ మధ్య కాలంలో నేను ఎప్పుడూ బతకలేదు.

లేచి టీ తాగితే టీకి రుచి ఉంది. గోడ మీద బల్లి కూడా అందంగా ఉంది. అవ్వను ఎత్తుకుని తిప్పాను. "దించవే, నడుం ఇరుగుతాది, నీది గాదు నాది" అని అరిచింది.

కింద మిషన్ చప్పుడు కూడా వినిపించలేదు. కరెంటు పోయి ఉంటుంది. నా అదృష్టం.

ఆగస్టు 14

మళ్లీ పట్టింది. ఫ్యాను గాలి హాయిగా ఉంది. ఈ మధ్య పగటిపూట కరెంటు బాగా పోతున్నట్టుంది, మిషన్ మోతే లేదు.

ఆగస్టు 17, ఆదివారం

నా నిద్రకు ఈ ఇంట్లో హక్కుదారులు ఎక్కువైపోయారు.

నాయన వీధంతా చెప్పుకుంటున్నాడు. బూరుగు దూది పరుపు వేసిన వారానికి బిడ్డ రాయిలాగా పడుకుంటోందని. అవ్వ తాయెత్తును కళ్లకద్దుకుంటోంది. నిన్న ఇద్దరూ ఈ విషయం మీదే పోట్లాడుకున్నారు.

"నీ పరుపు మొదుటి రోజే పని సేసినాదా? నేను కట్టినాకనే గదా!"

"నీ తాయెత్తు గూడా మొదుటి రోజు పని సేయలేదు గదమ్మా!"

"దానికి టైం పడతాది!"

"పరుపుకి గూడా పడతాది!"

నేను మధ్యలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ ఇద్దరికీ తల ఊపాను. అసలు దొర దిండులో ఉన్నాడు, వీళ్లకేం తెలుసు.

కానీ సాయంత్రం కొంప మునిగింది. అంగడి ముందు నాయన బోర్డు పెట్టాడు. "నైట్ డ్యూటీ స్పెషల్ పరుపులు ఇచ్చట లభించును." కింద నా ఫోటో పెడదామా అని అడుగుతున్నాడు. కాళ్లావేళ్లా పడి ఫోటో మాత్రం ఆపాను.

ఆగస్టు 20, బుధవారం

మహిత వాళ్లమ్మ పరుపు కొన్నది! నాకు తల కొట్టేసినట్టయింది. మహితకు నిజం తెలుసు కదా, ఆపవే అంటే ఆపలేదు. మేడం దానికీ ఇదే మాత్ర రాసింది గానీ పడలేదు, వేసుకుంటే తలనొప్పి తప్ప నిద్ర రాలేదని మానేసింది. ఈ రోజు బస్సులో కళ్లు ఇంతింత చేసుకుని చెప్పింది.

"సుహా, నిజ్జంగా సెప్తా ఉండా. మీ నాయన పరుపు మింద పడుకుంటే మా అమ్మ లేపేదాకా లేయలే!"

ఇప్పుడు ఎవరిని నమ్మాలి? లేదు, నాది మాత్రే. మహితది పరుపు కావచ్చు. నాది మాత్రే.

ఇంకో విశేషం. ఉదయం బస్సంతా నల్లద్దాలే ఇప్పుడు. నన్ను చూసి ఒక్కొక్కరే మొదలుపెట్టారు. పరదాలు దించి, అద్దాలు పెట్టుకుని, అందరం బొమ్మల్లాగా కూర్చుంటున్నాం. మా వీధి మొదట్లో ఇడ్లీలు అమ్మే వరదమ్మ మేము దిగడం చూసి గరిటె పట్టుకునే అడిగింది.

"ఏమ్మే, కండ్లకలకా బస్సుకంతా?"

ఆమె కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. పొయ్యి పొగ కాబోలు.

నాయన అంగట్లో కూర్చునే కునికిపాట్లు పడుతున్నాడు. వయసు మీద పడుతోంది.

ఆగస్టు 23

రాత్రి డ్యూటీలో ఎవరికీ కనిపించని ఒక నూలుపోగును అద్దంలో పట్టాను. సూపర్‌వైజర్ ఆశ్చర్యపోయాడు. దూదిలో పుట్టి పెరిగినదానికి దూదిపోగు కనిపించదా సార్! నిద్ర ఉంటే నా కన్ను గద్ద కన్ను.

కరెంటు ఈ రోజు కూడా లేనట్టుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది, ఇన్వర్టర్ పెట్టించారేమో. అడగాలి. నిద్ర ముంచుకొస్తోంది, తర్వాత అడుగుతాను.

ఆగస్టు 26, మంగళవారం

ఆదివారం చిత్తూరు నుంచి నన్ను చూడ్డానికి వస్తున్నారట. ఉమ్మే హబీబా అని అవ్వకు దూరపు చుట్టం, ఆమె కొడుకు ఇద్రీస్. మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. నేను వద్దన్నాను. అవ్వ ఏడుపు మొహం పెట్టింది. సరే రమ్మన్నాను.

"శనివారం రాత్రి డ్యూటీకి సెలవు పెట్టరాదా?" అంది అవ్వ. లీడర్‌ని ఎంచే వారంలో సెలవు పెడతానా! వచ్చి మొహం కడుక్కుని కూర్చుంటాను, అదెంత పని.

ఆగస్టు 31, ఆదివారం, రాత్రి

వరసగా రాస్తాను. నవ్వాలో సిగ్గుపడాలో ఇంకా తెలియడం లేదు.

ఉదయం రేణిగుంట దాటింది. చెయ్యి దానంతట అదే బ్యాగులోకి పోయింది, మాత్ర దానంతట అదే నోట్లోకి వచ్చింది, నీళ్లు కూడా తాగాను. ఇంటి మెట్లు ఎక్కుతుండగా పైన అవ్వ పులావ్‌కి మసాలా నూరుతున్న వాసన వచ్చింది. అప్పుడు గుర్తుకొచ్చింది. ఈ రోజు ఆదివారం. చిత్తూరు వాళ్లు. మాత్ర నా కడుపులో ఉంది.

పైగా నల్లద్దాలు బస్సులోనే మరిచిపోయాను.

కొంచెం సేపు దిండు మీద తల పెడదామని గదిలోకి పోతే దిండు లేదు! ఒక్కటి కూడా లేదు. "నిన్న నువ్వు డ్యూటీకి పోయినాక మీ నాయన దిండ్లన్నీ కిందికి తీసకపోయినాడు గదా, పండగ వస్తా ఉంటే మళ్లీ ఏకేదానికి" అంది అవ్వ. పండగకు ముందు ఇంటి దిండ్లన్నీ విప్పి దూది మళ్లీ ఏకడం మా ఇంటి ఆనవాయితీ. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. దాచేటప్పుడు ఎందుకు గుర్తుకు రాలేదో!

కిందికి పరుగెత్తాను. విప్పేసిన దిండ్ల గుడ్డలు ఒక పక్క, తెల్లటి దూది కుప్ప ఒక పక్క. నాయన నన్ను చూశాడు. "పోయి మొగం కడుక్కోమ్మా, వచ్చేస్తారు" అన్నాడు అంతే. కుప్పలో వేళ్లు పెట్టి వెతకబోతే బయట కారు ఆగింది.

ఇక్కడి వరకు నాకు గుర్తుంది. తర్వాత కొంచెం. బూరుగు దూది పరుపు మీద కొత్త దుప్పటి పరిచి వాళ్లను కూర్చోబెట్టారు. నన్ను ఉమ్మే హబీబా పక్కన కూర్చోబెట్టారు. "ఏం సదివినావు బిడ్డా?" అని అడిగింది. "డిప్లొమా" అన్నాను. ఆ అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. మన జాతే అనుకున్నాను. అంతే, తెర పడింది.

మిగతాదంతా అవ్వ చెప్పగా రాస్తున్నాను. అవ్వ కొంచెం ఉప్పు కారం వేస్తుంది గానీ అబద్ధం చెప్పదు.

నా తల మెల్లగా వాలి, వాలి, ఉమ్మే హబీబా భుజం మీద ఆగిందట. ఆమె కదలకుండా బిగుసుకుపోయిందట.

"ఏందిది! పిల్లకి ఫిట్సా?"

"ఫిట్స్ గాదక్కా. నిద్ర" అన్నాడట నాయన.

అప్పుడు నేను చక్కగా ఆమె ఒళ్లోకి జారి, కాళ్లు ముడుచుకుని, గురక మొదలుపెట్టానట. గురక విషయం అవ్వ కలిపిందని నా అనుమానం.

ఉమ్మే హబీబాకు కోపం వచ్చిందట. "పెండ్లయినాక ఈ రేత్రి పని మానేస్తాది గదా? ముందే సెప్పండి."

మానిపిస్తాననే అంటాడు, వాడే గదా పండగ దాకా గడువు పెట్టినాడు అని అవ్వ అనుకుందట. నాయన ఏమన్నాడో తెలుసా!

"మానదక్కా. నా బిడ్డ రేత్రంతా కండ్లు పొడుసుకోని పని సేసొచ్చినాది. పగులు నిద్ర పోతా ఉండాది. దాంట్లో తప్పేముండాది? ఈ నెల మొదుట్లో దానికి నిద్ర లేక పిచ్చిదాని మాదిరి తిరిగినాది. అప్పుడు నేనే మానేయమన్న్యా. ఇప్పుడు నిద్ర ఎట్ల తెచ్చుకోవాల్నో అదే నేర్సుకునింది. ఇంగ దాని పని ఎవురూ మానిపించే పన్లేదు. నేను గూడా."

అవునన్నట్టు నేను ఇంకా గట్టిగా గురక పెట్టానట.

తర్వాత ఉమ్మే హబీబా చేత్తో పరుపును నొక్కి చూసిందట. ఇంకోసారి నొక్కిందట. "ఈ పరుపు మింద పడుకునేనా ఇట్ల నిద్ర పోతాది? మా ఆయన పోయినప్పట్నించి నాకు ఒక్క రేత్రి గూడా ఇట్ల పట్టలేదు బాషా." కళ్లనీళ్లు పెట్టుకుందట. నా తల మీద చెయ్యి వేసి చాలాసేపు అట్లాగే కూర్చుందట. పోయేటప్పుడు అలాంటి పరుపే ఒకటి కారు మీద కట్టించుకుని పోయింది. నా పెళ్లిచూపులకు వచ్చి పరుపు కొనుక్కుని పోయింది!

ఇంకొకటి ఉంది. దాన్ని రాయకుండా డైరీ మూసేద్దామనుకున్నాను గానీ చెయ్యి ఊరుకోవడం లేదు.

సాయంత్రం లేచేసరికి నా కళ్ల మీద నల్లద్దాలున్నాయి. నావి కావు. పెద్దవి, మగవాళ్లవి. కిటికీలోంచి నా మొహం మీద ఎండ పడుతోందని ఆ అబ్బాయి తన అద్దాలు తీసి అవ్వ చేతిలో పెట్టాడట. "సీజన్‌లో నాకూ నైట్ డ్యూటీనే అవ్వా. ఎండ పడితే నిద్ర సెదిరిపోతాది. లేపద్దండి" అన్నాడట.

అద్దాలు తిరిగి ఇవ్వాలి కదా. అందుకని జాగ్రత్తగా పెట్టాను. అందుకే.

సెప్టెంబరు 1

అట్ట దొరకలేదు. కుప్పలోనూ లేదు, చెత్తలోనూ లేదు. నాయనకు దొరికిందా? దొరికితే ఎందుకు అరవలేదు? ఆదివారం ఆ మాటలు అన్నది దొరికిన తర్వాతా, దొరకక ముందా? మిషన్‌లో పడి పిండి అయిపోయి ఉంటుంది. అదే అయి ఉంటుంది. ఆ దూదితో కుట్టిన దిండు ఇంట్లో ఎవరి తల కిందికి వస్తుందో వాళ్లు అదృష్టవంతులు.

మాత్ర లేదు. భయం ఉంది. అయినా పట్టింది, ఆశ్చర్యం! మొదట కొంచెం దొర్లాను, అంతే. కొన్ని వారాలే అని మేడం ముందే చెప్పింది కదా, ఒంటికి దారి తెలిసిపోయినట్టుంది.

ఆ అద్దాలే పెట్టుకుని వచ్చాను బస్సులో. తుడిచి పెట్టడం కన్నా వాడుతూ ఉంటే పాడు కాకుండా ఉంటాయి.

సెప్టెంబరు 2, మంగళవారం

బస్సు దిగగానే వరదమ్మ నన్ను పట్టుకుంది. ఇడ్లీ ప్లేటు కాదు, నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మే సుహానా, నువ్వు నిద్ర పోతా ఉండావు, సంతోషం. మా ఈదికి నిద్ర లేదే! నువ్వు బస్సెక్కేది ఆలీసెం, మీ నాయన ఆ దూది మిషన్ ఏస్తాడు. తెల్లారేదాకా దడదడ దడదడ! ఏందప్పా బాషా అంటే, పగులు నా బిడ్డ పడుకోవాల గదమ్మా, రొంత ఓర్సుకో అంటాడు. మూడు వారాల నుంచి ఓర్సుకుంటా ఉండాము. నా కండ్లు సూడు ఎట్లుండాయో!"

నేను రోడ్డు మీదే నిలబడిపోయాను.

కరెంటు పోలేదు. ఒక్క రోజు కూడా పోలేదు. నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది, నేను దాని కిందే పడుకుని కరెంటు లేదని రాస్తూ వచ్చాను. వెనక్కి తిప్పి చదువుకున్నాను ఇప్పుడు. ఇంత మొద్దుదాన్ని ఫ్యాక్టరీ వాళ్లు దుమ్ము పట్టుకోవడానికి పెట్టుకున్నారు!

అంగట్లో నాయన బూరుగు దూది మూట మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. జుట్టులో, కనుబొమల్లో, చెవుల్లో దూది. కునికిపాట్లు చూసి వయసు అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆ అద్దాలు తీసి ఆయన కళ్లకు పెట్టి పైకి వచ్చాను.

సెప్టెంబరు 3

ఆకుపచ్చ టోపీ!!! నాదే!!!

మహిత అరుపుకు సెక్యూరిటీ వచ్చాడు. ఇంకేమీ రాయలేను.

సెప్టెంబరు 4, గురువారం

నా దిండు వచ్చింది. కొత్త గలీబు, కొత్తగా ఏకిన దూది, బుగ్గ పెడితే బుగ్గ మునిగిపోతోంది. తల పెట్టి పడుకున్నాక మూలన ఏదో చేతికి తగిలింది.

గలీబు తీసి చూశాను. నేను నాలుగు వంకర కుట్లు వేసిన చోటే, అదే మూలన, చిన్న జేబు ఉంది. లోపలి వైపుకు, అరచేతిలో సగం కూడా ఉండదు. చుట్టూ సన్నటి, వరసగా వేసిన కుట్లు. ఇలాంటి కుట్టు తిరుపతిలో ఒక్కడే వేస్తాడు. దానికి ఒక తెల్ల బొత్తాం. బొత్తాం తీస్తే లోపల మాత్రల అట్ట, నేను వదిలినది వదిలినట్టే ఉంది.

బొత్తాం పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను.

కింద ఎవరో బేరం ఆడుతున్నారు. నాయన గొంతు మెట్ల మీదుగా వచ్చింది. "మందులా? మాకేల అప్పా మందులు! నా బిడ్డను అడుగు పో. పరుపు, పరుపు! పరుపు ఉంటే మనిషికి ఇంకేం కావల్ల!"

బేరం అయ్యాక కిందికి దిగాను. ఆయన దబ్బనంలో దారం ఎక్కిస్తున్నాడు.

"నాయనా, ఇంక పగలు మిషన్ వేసుకో. నాకు నిద్ర కుదిరింది, చప్పుడైనా లేవను."

ఆయన తల ఎత్తలేదు.

"పగులు యాడమ్మా ఏసేది. కరెంటే ఉండదు గదా."

మా ఇద్దరి నెత్తి మీదా ఫ్యాను గిర్రున తిరుగుతోంది. దాని గాలికి దూదిపోగులు ఆయన గడ్డం మీద వాలుతున్నాయి.

"అవును నాయనా. ఈ మధ్య కరెంటు బాగా పోతోంది" అన్నాను.

దారం ఎక్కింది. ఆయన అప్పుడు నవ్వాడు.

తర్వాత నాయనా నేనూ వరదమ్మ దగ్గరికి పోయి ఇద్దరం రాజీ కుదుర్చుకుని వచ్చాం. నేను బస్సెక్కినప్పటి నుంచి ఆమె ఇడ్లీ పిండి రుబ్బుకుని పడుకునేదాకా మిషన్. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆమెకు ఒక దిండు ఉచితం.

సెప్టెంబరు 5, శుక్రవారం, మీలాద్

పండగ. గడువు ముగిసింది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. అవ్వ దిష్టి తీసి, ఇదంతా తాయెత్తు మహిమ అంది. నాయన ఊరుకుంటాడా, మళ్లీ మొదలు.

చిత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. ఉమ్మే హబీబాకు రాత్రుళ్లు నిద్ర పడుతోందట. సాయంత్రం వాళ్లబ్బాయి అద్దాల కోసం వస్తాడట. బస్సులో చిత్తూరు నుంచి ఇంత దూరం, ఒక జత అద్దాల కోసం! వస్తే రానీ. అద్దాలు అంగట్లో నాయన కళ్ల మీద ఉన్నాయి, నాయన నిద్రలో ఉన్నాడు. లేపడానికి వీల్లేదు. లేచేదాకా ఆ అబ్బాయి ఇక్కడే కూర్చోవాల్సిందే.

ఈ మధ్యాహ్నం మాత్ర వేసుకోకుండానే పడుకున్నాను. జేబు బొత్తాం పెట్టే ఉంది.

బాగా పట్టింది. నాయన పరుపు వల్లే. ఎవరూ చూడని ఈ డైరీలో కూడా ఇట్లాగే రాస్తున్నాను. నాయన పరుపు వల్లే.